ప్లాస్టిక్‌కు పెట్టిన గంజి

మొన్న రింగ్ రోడ్‌లో బస్సెక్కితే పక్కనాయన దగ్గుతూ కూర్చున్నాడు. ఎవరూ తల తిప్పి చూడలేదు, నా చెయ్యి మాత్రం దానంతటదే మాస్కు కోసం జేబు తడుముకుంది. మన ఈడువాళ్లకు ఆ భయం అంత తొందరగా పోదు.

కరోనా రోజుల్లో అన్నయ్యా నేనూ ఈ సూరత్‌లోనే ఒక దారం మిల్లులో, కొత్త దారాలు పరీక్షించే గదిలో పనిచేసేవాళ్లం. వదిన ఆసుపత్రిలో నర్సు. ఒకే మాస్కును ఎండలో ఆరేసుకుని మళ్లీ మళ్లీ కట్టుకుంటోందని తెలిసి, మాస్కుల్లో వాడే వడపోత గుడ్డకు పనికొచ్చే సన్నని పోగు మేమే తీయాలని అన్నయ్య పట్టుబట్టాడు. రెండు రకాల ప్లాస్టిక్‌ను కలిపి కరిగించి సన్నని రంధ్రాల గుండా లాగితే, ఒకటి రెండోదాని లోపల వెంట్రుకల్లా సాగుతుంది. నీళ్లలో కరిగిపోయే రకమైన పైదాన్ని వేడినీళ్లలో కడిగేస్తే ఆ వెంట్రుకలు మిగులుతాయి. మాకేమో అవి ఒకదానికొకటి అతుక్కుని లావుగా, ఎగుడుదిగుడుగా వచ్చేవి. అలా అతుక్కోకుండా, కంటికి ఆనని రేణువులుండే నానో సిలికా పొడి చిటికెడు కలపసాగాం.

మగ్గాల ఇంట పుట్టినవాళ్లం, దారం తెగకుండా కాపాడేది ఏదైనా మాకు గంజే. అన్నయ్య ఆ పొడికీ అదే పేరు పెట్టాడు, ఆ పేరే మా కొంప ముంచింది. పోగు తెగినప్పుడల్లా మగ్గం అలవాటు కొద్దీ "జర గంజి పెంచు తమ్మీ" అనేవాడు, నేను పెంచేవాణ్ణి. పొడి ఎక్కువైతే కరిగిన ముద్ద చిక్కబడి, పోగు సాగకుండానే తునకలైపోతుందని తెలుసుకునేసరికి వారాలు గడిచిపోయాయి. సాయంత్రం వదిన ఆసుపత్రి నుంచే ఫోను చేసి "ఏంది, మీ గంజి ఇంకా ఉడకలేదా?" అని ఆటపట్టించేది. ఆ నవ్వులో అలసట మాకు వినబడుతూనే ఉండేది.

చివరికి పొడి తగ్గించాం. పోగు సమంగా, చేతికి తెలియనంత సన్నగా దిగింది. అన్నయ్య ఫోటో తీసి వదినకు పంపాడు. అప్పటికే ఆవిడకూ కరోనా సోకి, తాను పనిచేసిన వార్డులోనే రోగిగా పడుకోబెట్టారు. "మంచిగుంది, జల్ది కుట్టియ్యుండ్రి" అని జవాబు పెట్టింది. గుడ్డ తయారయ్యేలోపే పోయింది. చివరి చూపుకు కూడా మమ్మల్ని దగ్గరికి రానివ్వలేదు.

ఆ గుడ్డ తర్వాత ఎన్నో ఆసుపత్రులకు వెళ్లింది. జబ్బు సద్దుమణిగాక అడిగేవాళ్లు లేక మిల్లులో ఆ పోగు తీయడమే మానేశారు. అన్నయ్య ఆ గది వదిలి వేరే విభాగానికి మారాడు. ఇప్పుడు ఊరంతా ముఖాలు విప్పుకుని హాయిగా తిరుగుతోంది, తిరగాలి కూడా. మొదటి వారమే చిటికెడు దగ్గర ఆగి ఉంటే అన్న మాట అన్నయ్య అనడు, నేనూ అనను. ఇద్దరం అనుకుంటూనే ఉంటాం.