మంచుకొండ కింద రెండు రాహుకాలాలు

ఆ కొండ నేను ఎక్కలేదు. చేతకాక కాదు. మంచు అడ్డం వచ్చీ కాదు. ఒక సోమవారం అడ్డం వచ్చింది.

అప్పట్లో మేం ముగ్గురం. పంజాగుట్టలో ఒకే సాఫ్ట్‌వేర్ ఆఫీసు, మధురానగర్‌లో ఒకే గది. అమీర్‌పేటలో ఏ గోడ చూసినా కోచింగ్ సెంటర్ల బోర్డులే ఉండే రోజులు. మాలో ఒకడిది భీమవరం వైపు. నన్ను ‘మాస్టారూ’ అని పిలిచేవాడు. గౌరవంతో కాదు, నేను ప్రతిదానికీ వాదిస్తానని. రెండోవాడిది యూసుఫ్‌గూడ. వాళ్ళ నాన్న పొలం వదిలి పట్నం వచ్చాడు, వీడు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. నన్ను ‘అన్నా’ అనేవాడు, నా వాదనలు మాత్రం చెవిన వేసుకునేవాడు కాదు.

నేను పెరిగిందే వాదాల మధ్య. మా చిన్న ఊరి గ్రంథాలయంలో ప్రతి ఆదివారం చర్చ జరిగేది. ముహూర్తాల మీద, శకునాల మీద, బాబాల మీద. నిక్కరు వేసుకునే వయసులోనే లేచి నిలబడి ‘రుజువేమిటి?’ అని అడగడం అక్కడే నేర్చుకున్నాను. చదువుకున్నవాళ్ళు ఎక్కువయ్యే కొద్దీ ఆ ప్రశ్న అవసరం తగ్గుతుందనుకున్నాను. హైదరాబాద్ వచ్చాక ఆ భ్రమ పోయింది. మా ఆఫీసులో కొత్త సర్వర్ వస్తే దానికి కుంకుమ పెట్టి, ముందు నిమ్మకాయ కోసేవారు. తర్కమే తిండి పెడుతున్న చోట!

మా భీమవరం మిత్రుడు అందరికంటే మంచి ప్రోగ్రామర్. అందుకే నాకు ఎక్కువ ఒళ్ళు మండేది. ఒక మంగళవారం సాయంత్రం పంజాగుట్ట చౌరస్తాలో బండి జారి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. అది రాహుకాలమని ఆసుపత్రిలో ఎవరో చెప్పారు. చెయ్యి అతికింది గానీ ఆ మాట వదల్లేదు. తేదీ కొడితే రాహుకాలం చెప్పే చిన్న ప్రోగ్రాం ఒకటి తనే రాసుకున్నాడు. క్లయింటుకు కొత్త వెర్షన్ పంపే ముందు మా మేనేజరు కూడా ‘ఒకసారి అందులో చూడు’ అనేవాడు.

‘అమెరికాలో వాళ్ళకిప్పుడు అర్ధరాత్రి. మరి వాళ్ళ రాహువు సంగతేంటి?’ అనేవాణ్ణి.

‘పంపేది మనం కదండీ మాస్టారూ. వేళ బయల్దేరే చోటే చూసుకోవాలి.’

ఇలాంటి జవాబుకు మనిషి ఏం చేస్తాడు?

మంచుకొండ ఆలోచన నాది. చలికాలం చివర్లో హిమాచల్‌లో ఒక కొండ ఉందని, కాళ్ళకు వెడల్పాటి చట్రాలు కట్టుకుని పొద్దున ఎక్కి సాయంత్రానికి దిగొచ్చని విన్నాను. ఆ చట్రాల్ని స్నోషూలంటారు, అవి ఉంటే మంచులో కాలు దిగబడదు. కొండకొమ్ము మీదికి చేరితే అవతలి లోయంతా కనిపిస్తుందట. నాకు అది చూడాలి. పుణ్యానికీ కాదు, ఫోటోకీ కాదు. సముద్రమట్టానికి దగ్గరగా పుట్టి పెరిగినవాణ్ణి, ఒక్కసారి నా కాళ్ళ మీద అంత ఎత్తున నిలబడి అవతల ఏముందో నా కళ్ళతో చూడాలి. యూసుఫ్‌గూడ తమ్ముడికి మార్చిలో పుణెకు బదిలీ. ముగ్గురికీ ఒకేసారి సెలవు దొరకడం ఇక జరగని పని. ఆ సెలవుల్లోనూ రాకపోకలు పోగా కొండకు మిగిలింది ఒకే ఒక్క రోజు.

దానికోసం చలికాలమంతా నేను లిఫ్ట్ ఎక్కలేదు. వీపున సంచీ, సంచీలో పాత మాన్యువళ్ళు పెట్టుకుని ఆఫీసు మెట్లన్నీ ఎక్కేవాణ్ణి. వాచ్‌మన్‌కు నా మీద జాలి కలిగింది. ‘సార్, లిఫ్టు నడుస్తున్నది గదా. మీకేమన్న చెప్పిన్రా ఎక్కొద్దని?’ అని అడిగాడు. రాత్రిళ్ళు డాబా మీద కాళ్ళు ఎడంగా పెట్టి నడవడం కూడా సాధన చేశాం. పక్క హాస్టల్ పిల్లలు కిటికీల్లోంచి చూసి ఈలలు వేశారు.

కొండ కింది పల్లెకు చేరాక ముందురోజు సాయంత్రమే గైడు షరతు చెప్పేశాడు. రాత్రి గడ్డకట్టిన మంచు పొద్దున గట్టిగా ఉంటుంది, మధ్యాహ్నానికి మెత్తబడుతుంది. కొమ్ము కింద ఆఖరి వాలు పడమటి వైపుది, ఎండ ఆలస్యంగా తగులుతుంది, అది తగలకముందే దాటాలి. తగిలాక పైనుంచి మంచు జారుతుంది, తను ఎవరినీ తీసుకెళ్ళడు. జట్టును రెండు ముక్కలు చేసి నడిపించడు కూడా. వస్తే ముగ్గురూ రావాలి. మా తమ్ముడు హైదరాబాదీ హిందీలో అన్నిటికీ ‘హౌ భాయ్, హౌ’ అని తలూపాడు.

తెల్లారింది. దారి మొదట్లో మంచు గాజులా గట్టిగా మెరుస్తోంది. గైడు చట్రాలు తెచ్చి ముందు పడేశాడు.

‘అన్నా, గివి చాటలే గదనే! మా అమ్మ చూస్తే బియ్యం చెరుగుతది’ అన్నాడు తమ్ముడు.

నేను నవ్వుతూ పట్టీలు బిగించుకుంటున్నాను. భీమవరం వాడు మాత్రం చట్రాలు ముట్టుకోలేదు. గడియారం చూసుకుంటున్నాడు.

‘ఇవాళ సోమవారమండీ. ఏడున్నరయింది. తొమ్మిదింటి దాకా ఆగుదాం.’

‘ఎందుకు?’ అన్నాను, ఎందుకో తెలిసే.

‘మీకు చెప్పినా దండగే.’

‘గా రాహువు గీ చలిలకు రాడన్నా, ఫికర్ చెయ్యకు’ అన్నాడు తమ్ముడు. భీమవరం వాడు కదల్లేదు.

అప్పుడు నేను గ్రంథాలయంలో నేర్చిన విద్య తీశాను. ఎదుటివాడి శాస్త్రంతోనే ఎదుటివాణ్ణి కొట్టాలి.

‘రాహుకాలం దేన్నుంచి లెక్క? సూర్యోదయం నుంచి. పగటిని ఎనిమిది భాగాలు చేస్తే సోమవారం రెండో భాగం. నీ ఏడున్నర, ఆరింటికి పొద్దుపొడిచే చోటికి. ఇక్కడ సూర్యుడు కొండ దాటి ఇప్పుడే తొంగి చూస్తున్నాడు, చూడు! అంటే నీ శాస్త్రం ప్రకారమే ఇది రాహుకాలం కాదు. నడు.’

వాడు కొండ వైపు చూశాడు. నిజంగానే ఆలోచించాడు. పెదవులు కదుపుతూ లెక్క వేశాడు. నేను గెలిచాననుకున్నాను.

‘భలే పాయింటండీ! నాకు తట్టనే లేదు. ఈ లెక్కన తొమ్మిదికి కాస్త ముందు మొదలై పది దాటాక పోతుందన్నమాట.’

‘అయితే ఇప్పుడు బయల్దేరొచ్చు కదా!’

‘అదెలాగండీ? మన పంచాంగం ప్రకారం ఇప్పుడుంది. మీ లెక్క ప్రకారం తర్వాత ఉంది. ఏది కరెక్టో మనకు తెలీదు. తెలీనప్పుడు రెండూ వదిలేస్తే పోలా?’

తమ్ముడు మంచులో కూలబడి పొట్ట పట్టుకున్నాడు. ‘ఒక్క రాహువు ఉంటె రెండోది తెచ్చినవు గదనే అన్నా! మస్తు వాదించినవ్!’

ఆ తర్వాత నేను అరిచిన అరుపులు రాయను. కొండలు వాటిని తిరిగి నాకే వినిపించాయి. గైడు బీడీ ముట్టించుకుని ఎండను చూపించాడు, మళ్ళీ చూపించాడు, తర్వాత మానేశాడు. నేను చట్రాలు కట్టుకుని అక్కడే అటూ ఇటూ నడిచాను. నా అడుగుల కింద మంచు మొదట కరకరలాడింది. బయల్దేరే వేళకు తడి అటుకుల్లా అణగడం మొదలైంది.

చివరికి పది దాటాక భీమవరం వాడు నమస్కారం పెట్టుకుని కదిలాడు. దేవదారు చెట్ల మధ్య నడిచాం. కొమ్మల నుంచి నీళ్ళు మెడ మీద పడుతున్నాయి. చట్రాలకు మంచు ముద్దలు అంటుకుని ఒక్కో కాలూ బండరాయిలా తయారైంది. అయినా నా ఊపిరి సరిగ్గానే ఉంది. పంజాగుట్ట మెట్లు నా కాళ్ళకు ఏం నేర్పాయో ఆ పూట తెలిసింది. చెట్లు దాటి బయటికి వచ్చేసరికి కొమ్ము ఎదురుగా ఉంది. కేకేస్తే వినబడేంత దగ్గర. మధ్యలో ఆ ఒక్క వాలు.

వాలు నిండా ఎండ. పైనుంచి చిన్న చిన్న మంచు ఉండలు వాటంతటవే దొర్లుతూ, పొడుగాటి గీతలు గీస్తూ వస్తున్నాయి.

గైడు కర్ర అడ్డం పెట్టాడు. ‘బస్ సాబ్. యహీ తక్.’

బతిమాలాను. దేవుణ్ణయినా ఎన్నడూ అంతగా బతిమాలలేదు. అతను తల అడ్డంగా ఊపాడు. నాకు కోపం అతని మీద రాలేదు. అతని భయానికి రుజువు నా కళ్ళ ముందే దొర్లుతోంది.

‘పోనీ తియ్యన్నా, ఇంకోపారి వద్దాం’ అన్నాడు తమ్ముడు. పుణె సంగతి వాడికీ గుర్తుంది. తల తిప్పుకుని చట్రాలకున్న మంచు దులుపుకోవడం మొదలుపెట్టాడు.

కిందికి చేరి టీ తాగుతుంటే భీమవరం వాడు తృప్తిగా అన్నాడు: ‘చూశారా మాస్టారూ, వేళ చూసుకుని బయల్దేరాం కాబట్టి ఒక్కరికీ దెబ్బ తగల్లేదు.’

టీ గ్లాసు కింద పెట్టి లేచి వెళ్ళిపోయాను. ఎక్కి ఉంటే వేళ చూసుకున్నందుకే ఎక్కామనేవాడు. ఎక్కలేదు కాబట్టి ఆ వేళే కాపాడిందంటున్నాడు. అలా ఏ దారిలోనూ ఓడిపోని నమ్మకంతో ఎవరు వాదిస్తారు?

ఆఫీసుకు తిరిగొచ్చిన వారంలోనే వాడు నన్ను తన కంప్యూటర్ దగ్గరికి పిలిచాడు. ముఖం వెలిగిపోతోంది. ప్రోగ్రాం మార్చాడు. ఇప్పుడది ఊరు అడుగుతోంది, సూర్యోదయం అడుగుతోంది, చుట్టూ కొండలుంటే ఆ సంగతీ అడుగుతోంది.

‘అంతా మీ పుణ్యమేనండీ. ఇంతకుముందు తప్పు లెక్క చూపిస్తుండేది. మేనేజరు గారికి కూడా మీ పేరే చెప్పాను. ఇంతకీ ఆ కొండ ఎత్తెంతండీ? ఇక్కడ నింపాలి.’

‘ఎక్కి ఉంటే చెప్పేవాణ్ణి’ అన్నాను.

వాడు బాధపడతాడేమో అనుకున్నాను. తల ఊపి, ‘సర్లెండి, సుమారుగా వేస్తా’ అని ఏదో అంకె కొట్టాడు.