విభాగానికో డబ్బా

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు ఎండాకాలంలో, పంజాగుట్టలో నేను పనిచేసే పెద్ద హోటల్లో, సమ్మె ఓటింగుకు యూనియన్ నన్ను ఎన్నికల అధికారిగా పెట్టింది. నా అసలు ఉద్యోగం బాయిలర్ అటెండెంటు. బాయిలర్ నడపాలంటే సర్కారు పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఆ పరీక్ష కోసమే, పెళ్లయి పిల్లలు పుట్టాక, నేను అక్షరాలు దిద్దాను. కాబట్టి ఈ రాతలో సొగసు వెతకొద్దు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మూడేళ్లకోసారి యూనియనూ యాజమాన్యమూ వేతన ఒప్పందం చేసుకునేవి. పాత ఒప్పందం గడువు తీరే ముందు మేము డిమాండ్ల పత్రం ఇస్తాం, వాళ్లు బేరానికి కూర్చుంటారు. బేరం తెగకపోతే సమ్మె నోటీసు. ఆ నోటీసు ఇవ్వాలంటే ముందు సభ్యులందరి రహస్య ఓటు జరగాలని మా నిబంధన. ఓటు గెలిచినంత మాత్రాన సమ్మె చేసి తీరాలని కాదు. చేతిలో కర్ర ఉందని చూపిస్తే కొట్టే పని పడదని మా పాత నాయకుల లెక్క.

ఆసారి జీతాల దగ్గర పెద్ద పేచీ లేదు. పేచీ లాండ్రీ దగ్గర వచ్చింది. దుప్పట్లు, తువ్వాళ్లు, టేబుల్ గుడ్డలు ఉతికి ఇస్త్రీ చేసే ఆ విభాగాన్ని ఎత్తేసి, పనిని సనత్‌నగర్‌లో ఒక కాంట్రాక్టరుకు అప్పగించాలని యాజమాన్యం చూస్తోంది. లాండ్రీ హోటల్లోనే ఉంటుంది, అందులోవాళ్లు పర్మనెంటుగానే ఉంటారు అన్న ఒక్క మాట ఒప్పందంలో రాయించడమే మా పట్టు.

లాండ్రీకి నాయకురాలు సత్తెమ్మ. ఆవిరి ప్రెస్సు మీద సగం జీవితం గడిపిన మనిషి. నా బాయిలర్ ఆవిరి ముందు ఆమె దగ్గరికే పోయేది. ప్రెషర్ తగ్గితే మొదటి కేకా ఆమెదే: "మల్లేశన్నా, బాయిలర్ కాడ నిద్ర వోతున్నవా? జర మంట వెట్టు."

మా కమిటీ అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల సందులో అద్దెకు తీసుకున్న గదిలో కలిసేది. ప్రధాన కార్యదర్శి సుధాకర్ బాంక్వెట్ కెప్టెన్, అంటే విందుల్లో వడ్డించేవాళ్లకు పెద్ద. అతని మనుషుల్లో చాలామంది కృష్ణానగర్‌లో ఉంటూ సెలవు రోజుల్లో షూటింగులకు పోయేవాళ్లు. అవి పెళ్లిళ్ల రోజులు. సరిగ్గా ముహూర్తాలప్పుడు తనవాళ్లు పని బందు పెడతారని మాట ఇవ్వలేనని సుధాకర్ ముందే అన్నాడు. ఓటు వరకే కదా అని అందరూ సర్దిచెప్పారు.

మా దగ్గర ఓటింగుకు ఒక అలవాటు ఉండేది. విభాగానికో డబ్బా: కిచెన్‌కు ఒకటి, బాంక్వెట్‌కు ఒకటి, హౌస్‌కీపింగుకు ఒకటి, లాండ్రీకి ఒకటి. చదువు రానివాళ్లకు ఇబ్బంది లేకుండా సమ్మె కావాలంటే ఎర్ర గుండ్రం మీద, వద్దంటే నల్ల గుండ్రం మీద ముద్ర వేయాలి. ఏ డబ్బాకు ఆ డబ్బా విడిగా లెక్కిస్తాం. స్టాఫ్ క్యాంటీన్ బోర్డు మీద విభాగం లెక్కను ఆ విభాగం నాయకుడే సుద్దముక్కతో రాస్తాడు. అది పరువు సంగతి. ఎవరి డబ్బాలో ఎర్ర ఎక్కువుంటే వాళ్లు ఆ ఏడంతా తల ఎత్తుకొని తిరుగుతారు.

లాండ్రీ డబ్బాలో ఒక్క నల్ల ముద్ర కూడా లేదు. సత్తెమ్మకు అక్షరాలు రావు, అంకెలు వచ్చు. 'వద్దు' అన్న గడిలో సున్నాను పళ్లెమంత చుట్టింది. బాంక్వెట్‌లో వద్దన్నవాళ్లే ఎక్కువ. సుధాకర్ తన లెక్కను మూలకు చిన్నగా రాస్తుంటే సత్తెమ్మ ఊరుకోలేదు.

"ఏం తమ్మీ, సుద్దముక్క అరిగిపోయిందా, గంత సన్నగ రాస్తున్నవు?"

అందరూ నవ్వారు, సుధాకర్ కూడా. మొత్తం మీద సమ్మె ఓటే గెలిచింది. బోర్డు తుడవబోతే సత్తెమ్మ వద్దంది. "ఉండనియ్యన్నా. సార్లు సుత చూడాలె." మరునాడు హెచ్.ఆర్. మేనేజర్ ప్రసాద్ గారు టీ గ్లాసు పట్టుకొని ఆ బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డారు. భయపడ్డాడని మేము సంబరపడ్డాం.

నోటీసు ఇచ్చాక లేబర్ ఆఫీసులో రాజీ అధికారి ముందు కూర్చున్నాం. ప్రసాద్ గారు అందరితో ఒకేసారి వాదించడం మానేశారు. బాంక్వెట్‌కు సర్వీసు చార్జీలో వాటా పెంచుతామన్నారు. కిచెన్‌లో మధ్య గ్రేడువాళ్లకు పైగ్రేడు ఇస్తామన్నారు. లాండ్రీ మాట ఎత్తలేదు.

ఆ సాయంత్రం అమీర్‌పేట గదిలో సుధాకర్ తేల్చేశాడు. బాంక్వెట్ రాదు, కిచెన్ సగం రాదు, లాండ్రీ ఒక్కటే నిలబడితే దాన్ని సమ్మె అనరు అన్నాడు. సత్తెమ్మ కుర్చీలోంచి లేవకుండానే అడిగింది.

"మా లాండ్రీ కోసమే సమ్మె అని ఓటడిగిన్రు గదా. గా మాట ఇప్పుడు ఎవరు మింగిన్రు?"

లేబర్ ఆఫీసులో లాండ్రీ మాట లేకుండానే ఒప్పందం మీద సంతకాలయ్యాయి. రాజీ అధికారి ముందు జరిగే ఒప్పందాన్ని, చట్టంలో దాని సెక్షన్ నంబరు పట్టి, పన్నెండు-మూడు అంటారు. దానికి ఒప్పుకున్నవాళ్లే కాదు, వద్దన్నవాళ్లు కూడా కట్టుబడాలి.

బయటికి వస్తూ ప్రసాద్ గారిని నిలదీశాను, మమ్మల్ని ఎట్లా చీల్చారని. ఆయన కోపం తెచ్చుకోలేదు.

"మేమేం చీల్చలేదండీ మల్లేశం గారూ. ఎవరు ఎటున్నారో మీవాళ్లే బోర్డు మీద రాశారు కదా. మేం చదువుకున్నాం, అంతే."

వానాకాలంలో లాండ్రీ మూసేసి, అందులోవాళ్లను లెక్క కట్టి పంపేశారు. ఆవిరి పైపుకు మూత బిగించింది నేనే. సత్తెమ్మ సనత్‌నగర్ కాంట్రాక్టరు దగ్గర చేరి, అదే హోటల్ దుప్పట్లను రోజు కూలీకి ఇస్త్రీ చేసింది. ఒకసారి బస్టాపులో కలిసి, "గెలిచినోళ్లమే బయట పడ్డమన్నా" అంది. బస్సు వస్తే ఎక్కి పోయింది.

రహస్య ఓటంటే మనిషి పేరు దాస్తే చాలనుకున్నాం. విభాగం పేరు కూడా దాచాలని తెలియలేదు. మన బలం ఎంతో ఎదుటివాడికి తెలియాలి గాని, అది ఎక్కడ పలచగా ఉందో తెలియకూడదు. తర్వాతి ఒప్పందం నుంచి డబ్బాలన్నీ ఒక దుప్పటి మీద కుమ్మరించి, కలిపి, మొత్తం లెక్క ఒక్కటే చెప్పే పద్ధతి పెట్టాం. నేను రిటైరయ్యేదాకా అదే నడిచింది. అప్పటికి హోటల్లో లాండ్రీ లేదు.