రమ్మన్న చోట వద్దని చెప్పించాను

2022 చివర, ఆదోని పత్తి మార్కెట్ మంచి రద్దీ మీదున్న రోజులు. ఆదోని, ఎమ్మిగనూరు దుకాణాల్లో, పత్తి గింజ తీసే జిన్నింగ్ మిల్లుల్లో నా పరిశోధన నడుస్తోంది. నేను అర్థశాస్త్రం పాఠాలు చెప్పే మనిషిని. చదువుకున్న వికలాంగులకు ఉద్యోగాలు ఎందుకు దొరకవన్నది తేల్చాలని బయల్దేరాను.

మా పద్ధతిని పెయిర్డ్ టెస్టింగ్ అంటారు. చదువు, అనుభవం, మాటతీరు ఒకేలా ఉన్న ఇద్దరిని ఒకే యజమాని దగ్గరికి వేర్వేరు రోజుల్లో పని అడగడానికి పంపుతాం. ఒకరికి వైకల్యం ఉంటుంది, ఇంకొకరికి ఉండదు. ఎవరిని రమ్మన్నారో రాసుకుంటాం. నగరాల్లో అయితే దరఖాస్తులు పంపి చేస్తారు. ఆదోనిలో దరఖాస్తు పంపితే అది పొట్లం కట్టడానికి పోతుంది. ఇక్కడ షట్టర్ ఎత్తి, దేవుడి పటానికి ఊదుబత్తి వెలిగించాక మనిషే వెళ్ళి ఎదురుగా నిలబడాలి. ఎవరి తాలూకు అన్న ప్రశ్న దాటితే గాని చదువు సంగతి రాదు.

నా జతలో వైకల్యం లేని మనిషి ఆదోని హుసేన్. రెండోవారు ఆస్పరి దగ్గరి పల్లె నుంచి వచ్చే ఉరుకుందప్ప. ముప్పై నాలుగేళ్ళుంటాయి. బీకాం చదివాడు, కంప్యూటర్‌లో ట్యాలీ లెక్కలు చకచకా చేస్తాడు. చిన్నప్పుడు పోలియో వచ్చి కుడికాలు సన్నబడింది, చంకకర్ర సాయంతో నడుస్తాడు. భార్య కూలికి పోతుంది. ఇన్నాళ్ళూ ఊరికే అడిగినా, ఇప్పుడు అడిగితే మీ పుస్తకంలోకైనా ఎక్కుతుందని నవ్వుతూ ఒప్పుకున్నాడు.

ఒక నియమం ఉంది. ఎవరైనా పని ఇస్తామంటే అక్కడికక్కడే వద్దనాలి. యజమాని మా మనిషి కోసం ఎదురుచూసి నష్టపోకూడదు కదా. అది నేనే రాశాను, రాసి మురిసిపోయాను కూడా. ఇద్దరి చేతా సంతకాలు తీసుకున్నాను. నిజం చెప్పాలంటే, రాసేటప్పుడు నా మనసులో ఉన్నది హుసేన్ ఒక్కడే. ఉరుకుందప్పకి ఎవరైనా పని ఇస్తారని నాకే తోచలేదు.

ఒకరోజు ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లు గేటు బయట నుంచి ఫోన్ చేశాడు. యజమాని ఒక బిల్లు కొట్టి చూపించమన్నాడట, చూసి తల ఊపాడట.

"రేపట్నుంచి రాప్పా అన్నాడు మేడమ్. ఇంట్లో అడిగొస్తానని బయటికొచ్చినా. ఏం సెప్పల్ల?"

నియమంలో ఏముందో అదే చెప్పమన్నాను.

"నిజంగానే రమ్మన్నాడు మేడమ్," అన్నాడు మెల్లగా.

అతను చేరిపోతే మిగతా చోట్లకి పంపడానికి నాకు మనిషి ఉండడు. ఇన్ని నెలల పని ఆగిపోతుంది. అప్పుడు నాకు కనబడింది అదొక్కటే. పదిహేను రోజుల్లో అతను వెళ్ళాల్సిన చోట్లు అయిపోతాయి, ఆ తర్వాత నేనే వెంట వచ్చి మాట్లాడతానని నచ్చచెప్పాను. అతను లోపలికి వెళ్ళి, వేరే చోట కుదిరిందని చెప్పి వచ్చాడు.

అన్న మాట ప్రకారం పదిహేను రోజులకి ఇద్దరం వెళ్ళాం. ఆ కుర్చీలో వేరే ఆయన కూర్చుని ఉన్నాడు. యజమాని మర్యాదగానే టీ తెప్పించాడు. ఉరుకుందప్పని చూపిస్తూ నాతో అన్నాడు:

"ఆ పొద్దు నేను రమ్మంటే ఈయనే వద్దన్నాడమ్మా. ఇట్లాంటోళ్ళకు పనిచ్చినా చెయ్యరని మావాళ్ళు సెప్పినారు. నేనే ఇనలేదు. ఇంగ ఎవురినీ పెట్టుకోను."

పరిశోధన పూర్తయ్యేదాకా సంగతి బయట పెట్టకూడదని ఇంకో నియమం. దాన్నీ పట్టుకుని నోరు మూసుకున్నాను. ఉరుకుందప్ప ఒక్క మాటతో నన్ను పట్టివ్వగలడు. పట్టివ్వలేదు. తల వంచుకుని టీ తాగాడు. అంత సిగ్గు నేను జీవితంలో పడలేదు.

గేటు బయటికొచ్చాక అన్నాడు. "పన్నెండేండ్లు అడిగినా మేడమ్. రమ్మన్నది ఆయనొక్కడే."

ఆ మిల్లు నా పట్టికలో 'పని ఇచ్చారు' అన్న గడిలోకి చేరింది. సదస్సులో తోటి అధ్యాపకులు ఆ గడి చూసి, ఫర్వాలేదు, ఆశ ఉందన్నారు. నేను తల ఊపాను. ఇంటికొచ్చి ఏడ్చాను.

ఇప్పుడు నా నియమం మారింది. మా మనిషికి నిజంగా పని దొరికితే చేరిపోవాలి, పరిశోధన పోతే పోనీ. కొత్త పరిశోధన నియమాల కాగితం మీద పెట్టిన మొదటి వాక్యం అదే. ఎదుటివాడి బతుకు నాకు ఉదాహరణ కాకూడదని నేర్చుకోవడానికి నాకు ఒక మనిషి ఉద్యోగం ఖర్చయింది. ఈ మాట చెప్పాలని మొన్న ఉరుకుందప్పకి ఫోన్ చేశాను. ఇప్పటికీ పని లేదు. అంతా విని, మంచి పనే చేసినారన్నాడు. ఆపైన అడిగాడు:

"మరి ఆ మిల్లాయన మావంటోళ్ళను ఇంగొకర్ని రమ్మంటాడా మేడమ్?"