పోలమ్మ ఇంటి కప్పు

పదేళ్ల కిందట వేసవి మొదట్లో నన్ను పలాస అగ్నిమాపక కేంద్రానికి స్టేషన్ ఫైర్ ఆఫీసరుగా వేశారు. కుర్రతనంలో అక్కడే ఫైర్‌మన్‌గా చేశాను. అప్పట్లో రేకుల షెడ్డు, ముక్కుతూ మూలుగుతూ కదిలే ఒకే బండి. ఇల్లు కాలాక నుయ్యి తవ్వేవాళ్లొచ్చారని జనం వెక్కిరించేవారు. తిరిగొచ్చేసరికి పక్కా భవనం, కొత్త బండి, వైర్‌లెస్ ఉన్నాయి. మా భయమంతా జీడిపప్పు కర్మాగారాల మీదే. జీడితొక్కలో నూనె అంటుకుంటే నీళ్లు పనికిరావు, నురగ కొట్టాలి.

కానీ మొదటి పెద్ద ఫైర్ కాల్ ఉద్దానం తీరంలోని ఒక మత్స్యకారుల పల్లె నుంచి వచ్చింది. జీడితోటల మధ్య ఇసుకదారిన మేం చేరేసరికి ముందు వరస తాటాకిళ్లు బూడిదయ్యాయి. మగవాళ్లంతా గుజరాత్ రేవుల్లో బోట్ల మీదున్నారు. ఆడవాళ్లు బిందెలతో నీళ్లు పోస్తున్నారు. సముద్రపుగాలి మంటను వెనక వరసకు తోస్తోంది. మా ట్యాంకు నీళ్లు అంతటికీ చాలవు.

అలాంటప్పుడు చేసేది ఒకటే. గాలి వెళ్లే దిక్కున ఇంకా అంటుకోని ఇంటి కప్పు పీకేసి మంటకు మేత లేకుండా చెయ్యాలి. ఆ పద్ధతి పల్లెకూ తెలుసు. అలా కప్పు పోయిన ఇంటిని, దక్కిన ఇళ్లవాళ్లంతా తలా ఒక చెయ్యి వేసి మళ్లీ కప్పివ్వడం అక్కడి కట్టుబాటు. ఆ రోజు రెండు వరసల మధ్య, మంట దారిలో ఉన్నది పోలమ్మ ఇల్లొక్కటే. భర్త సముద్రంలో పోయాక ఎండుచేపలమ్ముకుంటూ ఒంటరిగా బతుకుతున్న మనిషి. కప్పు తీయాలని ఆమెకు చెప్పాను.

“పీకియ్యండి బాబూ. మగోల్లొచ్చేక మల్లీ కప్పేత్తారు,” అంది.

మావాళ్లు కొక్కేలు వేసి లాగారు. మంట అక్కడే ఆగింది. వెనక వరసంతా దక్కింది.

ఫైర్ రిపోర్టులో కాలిన ఆస్తి, కాపాడిన ఆస్తి అని రెండే ఉంటాయి. పోలమ్మ ఇల్లు రెండింటిలోనూ ఇమడలేదు. సంగతి విడిగా రాసి పంపితే, కాలని ఇంటికి పరిహారం కుదరదన్నారు.

వానలు ముదిరాక ఆ పల్లెకు తనిఖీకి వెళ్లాను. ఇళ్లు కాలినవాళ్లకు స్లాబు ఇళ్లు మంజూరై పునాదులు లేస్తున్నాయి. పోలమ్మ ఇంటి మీద చిరుగుల టార్పాలిన్ ఉంది. ఒక పక్క మట్టిగోడ కరిగి కూలిపోయింది. దక్కిన ఇళ్ల మగవాళ్లు సెలవుకొచ్చి, ఇవాళ రేపు అంటూ గడిపి, మళ్లీ బోట్లకు వెళ్లిపోయారట. నాకు ఒళ్లు మండింది. ఆమెకు కోపం కూడా లేదు.

“ఆల్లనేటంతాం బాబూ? ఆల్ల కడుపులు ఆల్లు సూసుకోవాల గదా,” అంది.

బండెక్కాను. దారంతా మనసు బాగోలేదు.

ఇవాళ అదే గాలి, అదే మంట ఎదురైనా ఆ కప్పే పీకమంటాను. అందులో అనుమానం లేదు. అయితే ఆ తర్వాత నా దగ్గర కొత్తగా చేరిన ప్రతివాడికీ ఒక మాట చెప్పాను. మంట ఆరాక, కాలిన ఇళ్లను చూడటానికి ఊరంతా వస్తుంది. మనం కూల్చిన ఇంటికి మనమే వెళ్లాలి.