హన్మాండ్లు ఆపని బండి

దుబాయ్ దగ్గరి ఉమ్ అల్ క్వైన్‌లో హన్మాండ్లు నడిపిన తెల్ల వ్యాన్‌కి వెనక అద్దాల నిండా నల్ల కాగితం అతికించి ఉండేది. ఎండ తగలకుండా అని బేబీ మేడం చెప్పేది. చాలా కాలం అతను కూడా ఆ మాటే నమ్మాడు. నమ్మాడో, నమ్మితే బాగుంటుందనుకున్నాడో, తర్వాత అతనికే తెలియకుండా పోయింది.

అతనిది కోరుట్ల దగ్గర పల్లె. 2002లో రాస్ అల్ ఖైమా కొండల్లో రాళ్ల క్వారీ పనికి వచ్చాడు. రెండేళ్లకి ఆ దుమ్ము గుండెల్లో కూర్చుని దగ్గు పట్టుకుంది. సెలవడిగితే ముదీర్, అంటే అక్కడి మేనేజరు, ఇవ్వలేదు. ఒకరోజు క్యాంపు వదిలి బయటపడ్డాడు. అలా కంపెనీ వదిలినవాడికి వీసా ఉండదు, దొరికితే జైలు. ఆ సమయంలో ఆదుకున్నది బేబీ మేడం. ఆమెది రాజమండ్రి వైపు. ఇళ్లకు పనిమనుషుల్ని కుదిర్చే ఆఫీసు నడిపేది. అతని వీసాకి యజమాని అయిన పాత కఫీల్ దగ్గర్నుంచి పాస్‌పోర్టు తనే ఇప్పించుకుని బీరువాలో పెట్టుకుంది.

"కొత్త వీసా నేను కొట్టిస్తాను కదా, నీకెందుకు బెంగ? నువ్వు బండి నడుపు చాలు," అంది.

బండిలో ఎక్కేది ఆడవాళ్లు. గోదావరి జిల్లాల నుంచి విజిట్ వీసాల మీద వచ్చేవారు. ఆసుపత్రిలో ఆయా పని అనో, నర్సు పని అనో చెప్పి పంపేవాడు ఊళ్లో ఏజెంటు. విమానాశ్రయంలో దిగీ దిగగానే వాళ్ల పాస్‌పోర్టులూ బీరువాలోకే వెళ్లేవి. హన్మాండ్లు వాళ్లని ఇళ్లల్లో దింపేవాడు. ఒక ఇంటివాళ్లు వద్దంటే తీసుకొచ్చి ఇంకో ఇంట్లో దింపేవాడు. మధ్యలో ఉండే రోజుల్లో వాళ్లుండే విల్లాకి బయటినుంచి తాళం పడేది. జీతాలు నేరుగా బేబీకి అందేవి. మొదట్లో ఎవరైనా ఏడిస్తే అతను నీళ్ల సీసా వెనక్కి అందించేవాడు. కొన్నాళ్లకు అద్దంలోకి చూడటమే మానేశాడు.

2005 వేసవిలో సంతోషకుమారిని ఎక్కించుకున్నాడు. నర్సాపురం దగ్గర ఊరు ఆమెది. భర్త పోయాడు. కూతుర్ని అన్న ఇంట్లో వదిలి వచ్చింది. రెండిళ్లలో చేసి తిరిగొచ్చిన మనిషి. రెండో ఇంట్లో ఇస్త్రీపెట్టె పెట్టి చెయ్యి కాల్చారు. ఈసారి రాస్ అల్ ఖైమాలో కొండల వైపు ఒక పెద్దింటికి తీసుకెళ్లమంది బేబీ.

దారిలో పోలీస్ స్టేషన్ కనిపించగానే ఆమె సీటు అంచుకి జరిగింది.

"అన్నయ్యగారూ, ఒక్క నిముషం ఆపండి. నేను లోపలికెళ్లి చెప్పుకుంటాను. మీ పేరు చెప్పనండి, దేవుడి మీద ఒట్టు."

హన్మాండ్లు బ్రేకు మీద కాలు పెట్టాడు. బండి నెమ్మదించింది కూడా. పెట్టిన కాలు మళ్లీ తీసేశాడు.

"చెల్లె, నీకు కాగితాల్లేవ్, నాకు లేవ్. లోపటికి వోతే నిన్నే జైల్ల ఏస్తరు. ఈ దేశంల మనసొంటోళ్ల మాట ఎవ్వలినరు. ఎవ్వర్ని అడిగినా గంతే. నా మాటిను, ఊకో."

ఆమె ఊరుకుంది. ఆ పెద్దింటి గేటు ముందు దిగి, సంచీ పుచ్చుకుని, వెనక్కి చూడకుండా లోపలికి వెళ్లింది.

అతను చెప్పింది అబద్ధం కాదు. ఆ రోజుల్లో కఫీల్ దగ్గర్నుంచి పారిపోయిన పనిమనిషి స్టేషన్‌కి వెళ్తే తిరిగి ఆ ఇంటికే పంపడమో, జైల్లో పెట్టి ఊరికి పంపేయడమో అతను చూసినదే. కానీ అతను కాలు తీసింది అందుకొక్కందుకే కాదు. ఆ నెలలోనే వీసా కొట్టిస్తానని ముందురోజు బేబీ మాటిచ్చింది. ఆ నెలా కొట్టించలేదు, ఆ తర్వాతా కొట్టించలేదు.

మరో రెండేళ్లు అదే బండి నడిపాడు.

2007 చివర్లో హెప్సీ అనే అమ్మాయి వచ్చింది. కాకినాడలో నర్సింగ్ చదివిన పిల్ల. ఒక ఇంట్లో ముసలామెకి సేవ చేయడానికి పెట్టారు. ఆ ముసలామె చనిపోయాక తిరిగి విల్లాకి తీసుకొస్తుంటే, బండిలో తనంతట తనే మాట్లాడింది.

"రేపు నన్ను దుబాయ్‌లో ఏదో ఫ్లాట్‌కి పంపుతున్నారంట కదండీ. అక్కడ పనేంటో మీకు తెలుసా?"

హన్మాండ్లుకి తెలుసు. ఆ ఫ్లాట్‌కి అంతకుముందు ఒకరిని దింపాడు. తలుపు తీసిన మగవాణ్ణి, వెనక గదిలో రంగులద్దుకుని కూర్చున్న ఆడపిల్లల్ని చూశాడు. ఆ రోజు అన్నం సయించలేదు. మర్నాడు మళ్లీ బండి తీశాడు.

"నన్ను పోలీసుల దగ్గర దింపెయ్యండి," అంది హెప్సీ.

"కాగితాలు లేకుంట పోతే నిన్నే లోపటేస్తరు, చెల్లె."

"వెయ్యరండి. కొత్త చట్టం వచ్చింది. ఆ ఇంట్లో ఇంగ్లీషు పేపరొచ్చేది, నేనే చదివాను. మోసం చేసి అమ్మేసినవాళ్లని జైల్లో పెట్టకూడదంట. ఆడవాళ్లకి ఉండటానికి చోటు కూడా పెట్టారంట."

హన్మాండ్లు ఆమెని విల్లాలో దింపి, తిన్నగా ఖాజా దగ్గరికి వెళ్లాడు. ఖాజా నిజామాబాద్ మనిషి. ఇమ్మిగ్రేషన్ ఆఫీసు పక్కన టైపింగ్ సెంటర్‌లో అరబ్బీలో అర్జీలు టైపు చేస్తాడు.

"నిజమే భాయ్, కానూన్ వచ్చింది," అన్నాడు ఖాజా. "పోరి చెప్పింది సహీ బాత్. ఆమెను షెల్టర్ల వెడ్తరు. కేసు అయ్యేదాంక వీసా లేకున్నా ఏమనరు. మగర్, నీ సంగతి సోంచాయించినవా? బండి నడిపింది నువ్వు. దింపింది నువ్వు. నిన్ను వాళ్లలెక్క చూడరు."

"నా పాస్‌పోర్ట్ గూడ గా బీరువాలనే ఉన్నది గద."

"అది నాకెర్కే, నీకెర్కే. షుర్తాకు, పోలీసోళ్లకు, బండి తాళం ఎవలి చేతుల ఉన్నదో గంతే గావాలె."

మర్నాడు పొద్దున బేబీ హెప్సీని ఎక్కించింది. "యల్లా, తొందరగా వెళ్లు, వాళ్లు ఎదురు చూస్తున్నారు," అంది. దుబాయ్‌లో ఫ్లాట్ వైపు తిరగాల్సిన చోట హన్మాండ్లు తిరగలేదు. పోలీస్ స్టేషన్ ఆవరణలోకి పోనిచ్చి, ఇంజను ఆపి, తనే దిగి వెనక తలుపు తీశాడు.

లోపల హెప్సీ ఇంగ్లీషులో చెప్పుకుంది. ఒక ఆడ ఆఫీసరు ఆమెను వేరే గదిలోకి తీసుకెళ్లి టీ తెప్పించింది. సాయంత్రానికి షెల్టర్ వాళ్లొచ్చారు. హన్మాండ్లుని మాత్రం ఖాజా చెప్పినట్టే లాకప్‌లో పెట్టారు.

రెండు రోజులకి ఆ విల్లా తాళం పగిలింది. బేబీ దొరికింది. ఆడవాళ్లందరూ బయటికొచ్చారు. ఆ డ్రైవరు నన్ను తీసుకొచ్చి వదిలాడు, అతని పాస్‌పోర్టూ వాళ్ల దగ్గరే ఉంది అని హెప్సీ పట్టుబట్టి చెప్పడంతో అతన్ని నేరస్థుడిగా కాక సాక్షిగా రాసుకున్నారు. వాంగ్మూలం తీసుకుంటున్న ఆఫీసరుని అతను ఉర్దూలో ఒకటే అడిగాడు.

"సాబ్, రెండేండ్ల కింద ఇట్లనే ఒకామె ఆపమన్నది. అప్పుడు నేను తోల్కొస్తే ఏమయ్యేది?"

ఆఫీసరు కలం పక్కన పెట్టాడు. "అప్పుడు ఈ కానూన్ లేదు," అని, "ఏమయ్యేదో ఎవరు చెప్పగలరు?" అన్నాడు.

పోలీసులతో కలిసి కొండల వైపు ఆ పెద్దింటికి వెళ్లాడు. ఇంట్లో వేరేవాళ్లున్నారు. పాతవాళ్లు ఎటు వెళ్లారో, వాళ్ల పనిమనిషి ఏమైందో తెలియదన్నారు. హన్మాండ్లు గేటు దగ్గర అలాగే నిలబడిపోతే కానిస్టేబులు వచ్చి భుజం తట్టి బండెక్కించాడు.

కోర్టులో సాక్ష్యం చెప్పాక, వీసా లేకుండా ఉన్నందుకు, 2008 ఎండాకాలంలో అతన్ని ఇండియాకి పంపేశారు. మళ్లీ రావడానికి లేకుండా కళ్ల ఫొటో తీసుకున్నారు. కోరుట్లలో ఆటో నడపడం మొదలుపెట్టాడు. దుబాయ్ ఖలాస్ అయినందుకు అతనికి పెద్దగా దిగులు లేదు. స్టాండులో తోటివాళ్లు అరబ్బు దేశం ముచ్చట్లు అడిగితే మాత్రం కిరాయి ఉందని లేచిపోయేవాడు.

సాక్ష్యం రోజున కోర్టు దగ్గర అతను సంతోషకుమారి పేరూ ఊరూ చెప్పి, కనుక్కోమని హెప్సీని అడిగాడు. కేసు ముగిసి ఇంటికి చేరిన హెప్సీ ఆ ఏడు చివర్లో ఫోను చేసింది. నర్సాపురం వైపు చర్చిల్లో అడగ్గా అడగ్గా సంతోషకుమారి ఆచూకీ తెలిసిందట. బతికే ఉంది. ఇంటికొచ్చి ఏడాది దాటిందట.

హన్మాండ్లు రైలెక్కాడు.

కొబ్బరిచెట్ల మధ్య చిన్న పెంకుటిల్లు. సంతోషకుమారి అతన్ని గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. గుర్తుపట్టాక మంచం వాల్చి, లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చింది. గ్లాసు అందించిన ఆమె చేతి మీద కాలిన చర్మం ముడతలు పడి మెరుస్తోంది.

"ఆమ్నెస్టీ పెట్టేరు కదండీ, జరిమానా లేకుండా వెళ్లిపోవచ్చని," అంది. "ఆ ఇంటివాళ్లే తీసుకెళ్లి విమానం ఎక్కించేరు. ఇంక నాతో వాళ్లకి పనిలేదు, నడుం పడిపోయింది."

"హెప్సీ అనే పొల్లను నేను పోలీసులకాడికి తోల్కవోయిన," అన్నాడు హన్మాండ్లు. ఆ మాట ఇక్కడెందుకు చెప్పాడో అతనికే తెలియలేదు.

"చెప్పిందండి. మంచిపని చేసేరు."

అతను నీళ్లన్నీ తాగేశాడు. ఆమే మళ్లీ అందుకుంది. గొంతులో కోపం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది.

"ఆ ఇంటి పక్కన మలయాళీ కొట్టు ఉండేదండి. కొట్టాయన మంచోడు. ఏమైనా సాయం కావాలా అని రెండుమూడుసార్లు అడిగేడు. మన ఇండియావోళ్ల సంఘం నాయకులు ఉంటారు, కాన్సలేటుకి కబురు పెడతాను అన్నాడు. నేనే వద్దన్నాను. ఎవర్ని అడిగినా జైల్లో ఏస్తారని మీరు చెప్పేరు కదండీ. మన భాష మనిషి, అన్నీ తెలిసినోడు, ఊరికే ఎందుకు చెప్తాడులే అనుకున్నాను."

ఖాళీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక హన్మాండ్లు చేతిలోనే పట్టుకున్నాడు.

"ఆ రెండేళ్లూ నా కబురు తెలీక చచ్చిపోయేననుకున్నారండి ఇక్కడ. తల్లి లేని పిల్లని ఎన్నాళ్లు చూస్తామని మా అన్నయ్య మా స్వీటీకి పెళ్లి చేసేసేడు. పద్నాలుగేళ్లు దానికి. నేను దిగేసరికి నెల తప్పి ఉంది."

"చెల్లె, గప్పుడు నేను ఆపకపోయింది..." అని మొదలుపెట్టాడు. వీసా సంగతి చెప్పేద్దామనే రైలెక్కాడు. కానీ ఆమె అతని మొహంలోకి చూస్తూ, భయపడ్డారులెండి, మీకు మాత్రం ఎవరున్నారక్కడ, అనేసింది. అలా తనకోసం ఆమే ఒక కారణం వెతికిపెట్టాక, అతను అవునన్నట్టు తలూపి, వీసా మాట చెప్పకుండానే లేచాడు.

ఆమెకి నడవడం కష్టం కాబట్టి రోడ్డు దాకా స్వీటీ వచ్చింది. పరికిణీ ఓణీలో ఇంకా బడికెళ్లే పిల్లలా ఉంది. చంకలో బిడ్డ. బస్సు వచ్చేలోపు, మొహమాటంగా అడిగింది.

"మీరు మా అమ్మకి దుబాయ్‌లో బాగా తెలుసా అండీ?"

"తెలుసు బిడ్డా."

"అక్కడ సంగతులు ఏమీ చెప్పదండి మాకు. అడిగితే పడుకుంటుంది. అక్కడ ఎవరూ సాయం చెయ్యలేదా అండీ అమ్మకి?"

చంకలోని బిడ్డ ఏడుపు మొదలుపెడితే స్వీటీ ఊరుకోబెట్టే పనిలో పడింది. అతను జవాబు చెప్పకముందే బస్సు వచ్చింది. ఎక్కి, కిటికీలోంచి చెయ్యి ఊపాడు. ఆ పిల్ల బిడ్డ చెయ్యి పట్టుకుని వాడి చేత కూడా టాటా చెప్పించింది.