అమ్మడానికే బాగుచేయించిన అంబాసిడర్

కొత్తవాడలో మా ఇంటి షెడ్డులో తొమ్మిదేళ్లుగా కదలకుండా ఉన్న మా ఆయన అంబాసిడర్ ఈ రోజు స్టార్టయింది. ఆయన పోయాక దాన్నెవరూ ముట్టుకోలేదు. అమ్మేద్దామనే ఉద్దేశంతో మెకానిక్ యాకూబ్ భాయ్‌తో నెల రోజులుగా బాగుచేయిస్తున్నాను. ఇంజన్ శబ్దం వినగానే ఏడుస్తాననుకున్నాను. ఏమీ అనిపించలేదు. పక్కింట్లో మిక్సీ తిరుగుతుంటే విన్నట్టు విన్నాను, అంతే.

భాయ్ నడుపుతుంటే పక్క సీట్లో కూర్చుని హనుమకొండ దాకా వెళ్లాను. చౌరస్తాలో సిగ్నల్ పడింది. పక్కనున్న ఆటో డ్రైవర్ తల బయటపెట్టి అడిగాడు.

"అక్కా, బండి మస్తుగున్నది. అమ్ముతరా?"

"అమ్మం తమ్మీ," అన్నాను.

భాయ్ నా వైపు తిరిగాడు. "అమ్మనీకే కదా భాభీ, నాతోని చేయించింది?"

"ఏమో భాయ్, నాకే తెల్వది. గ్రీన్ పడ్డది, పోనియ్యి."

ఇంటికొచ్చి, రేపు కారు చూడటానికి రావాల్సినాయనకు ఫోన్ చేసి రావద్దన్నాను. ఇది రాస్తున్నప్పుడు కూడా సంతోషమూ లేదు, దుఃఖమూ లేదు. కారు మాత్రం ఉంది, నాకేమో నడపడం రాదు. యాభై దాటాక డ్రైవింగ్ నేర్చుకున్నవాళ్లు మీలో ఉంటే చెప్పండి, క్లచ్ నిజంగా అంత కష్టమా?