మూడు గంటల దూరంలో శొంఠి ముద్ద

ఐర్లండ్‌లోని డోనెగల్‌లో మేముండే ఊరి దగ్గర, సముద్రపు ఒడ్డునే చిన్న విమానాశ్రయం ఉంది. నార్వే ఉత్తర కొసన మా చెల్లెలి ఊళ్లోనూ ఒకటుంది. రెంటి మధ్య దూరమెంతో మా ఆయన ఇంటర్నెట్‌లో వెతికారు. విమానంలో సుమారు మూడు గంటలని వచ్చింది. వెంటనే చెల్లికి ఫోన్ చేసి, "మూడు గంటలేనమ్మా, పురుటికి మీ అక్కను పంపించేస్తాను" అని మాటిచ్చేశారు. తీరా చూస్తే ఆ రెండు ఊళ్ల మధ్య విమానమే లేదు. అది మ్యాపు మీద గీత గీసి కట్టిన లెక్క. పోనీలే, డబ్లిన్ మీదుగా తిరిగి వెళ్దామనుకున్నాం. ఈలోగా కరోనా వచ్చిపడింది.

మా ఇంట్లో బాలింతకు తొలిముద్ద తల్లి పెడుతుంది, వేడన్నంలో నెయ్యీ శొంఠి పొడీ కలిపి. అమ్మ పోయినప్పుడు, ఆ ముద్ద నేను పెడతానని చెల్లికి చెప్పాను. ఇప్పుడేమో నార్వేలోకి భర్తను రానిస్తారట, తల్లిదండ్రులనూ పిల్లలనూ రానిస్తారట, అక్కను మాత్రం రానివ్వరట. నాకు ఒళ్లు మండిపోయింది. అక్క ఇంటి మనిషి కాదని తేల్చడానికి వీళ్లెవరు? నేను వృద్ధాశ్రమంలో నర్సుని. కన్నపిల్లలు కిటికీ అద్దం అవతల నిలబడి చూస్తుంటే, వాళ్ల తల్లులకు నేను తినిపించేదాన్ని. ఆ నిబంధనలు ఎందుకో నాకు బాగానే తెలుసు. తెలిసినా కోపం తగ్గలేదు.

చెల్లికి ఆడపిల్ల పుట్టింది. ఫోన్‌లో చూశాను.

"ముద్ద ఈయన పెడతానంటున్నారక్కా. తినెయ్యనా?" అంది.

"అన్నం తిను. శొంఠి ముద్ద మాత్రం నేనొచ్చేదాకా ఆగాలి."

శొంఠి నేతిలో వేయించి, దంచి, సీసాలో పోసి, ఇక్కడివాళ్లు ప్రెస్ అనే వంటింటి అలమరలో పెట్టాను. ఘాటు పోయినప్పుడల్లా పారబోసి మళ్లీ దంచాను. మా ఆయన విసుక్కున్నారు. "ఆ ప్రెస్ తలుపు తీస్తే చాలు, తుమ్ములొస్తున్నాయి. అక్కడ పిల్ల పాకేస్తోంది, ఇంకా బాలింతేంటి?"

"మీరు చెప్పిన మూడు గంటలు ఇంకా అవలేదు" అన్నాను.

ఆంక్షలు ఎత్తేశాక విమానాలు మారుకుంటూ వెళ్లాను. చెల్లి తలుపు తీసింది. పిల్ల వాళ్లమ్మ కాలు పట్టుకుని నిలబడి నన్ను ఎగాదిగా చూసింది. నేను చేతులు కడుక్కుని ముందు అన్నం వండాను. చెల్లి తలకు గుడ్డ చుట్టి, చెవుల్లో దూది పెట్టి, కుర్చీలో కూర్చోబెట్టాను.

"నేనింకా బాలింతనేంటక్కా?" అని నవ్వింది.

"నేనొచ్చిన రోజే నీకు పురుడు. నోరు తెరు."

తెరిచింది. ముద్ద మింగి, నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"ఇన్నాళ్లూ శొంఠి ముట్టలేదక్కా" అంది. "ఈయన టీలో వేస్తానన్నా ఒప్పుకోలేదు."